మామూలు ఎక్స్‌రే ట్యూబ్‌తో ఫేజ్ కాంట్రాస్ట్: గ్రేటింగ్ కంటే ముందు దాన్ని నిలిపే స్తంభం

పలాస జీడిపప్పు లోపలి పురుగును, పగులును మామూలు ఎక్స్‌రే సరిగా చూపడం లేదనీ, ఫేజ్ కాంట్రాస్ట్ వచ్చేలా యంత్రానికి అమర్చే పరికరాన్ని ఇంజనీరింగ్ ప్రాజెక్టుగా తయారు చేయవచ్చా అనీ శ్రీకాకుళం నుంచి మీరు అడిగారు. చేయవచ్చు, అయితే మీరు రూపొందించవలసింది గ్రేటింగ్‌ను, అంటే అతి సన్నని సమాంతర గీతల పలకను కాదు, దాన్ని నిలిపి కదిపే చట్రాన్ని. నేను పరిశోధన విద్యార్థిగా నాలుగేళ్ళు అలాంటి చట్రంతోనే కుస్తీ పట్టాను.

జీడిపప్పు వంటి తేలిక మూలకాల పదార్థం ఎక్స్‌రేలను పెద్దగా పీల్చుకోదు గానీ వాటి దారిని అతి స్వల్పంగా వంచుతుంది; ఆ వంపును బొమ్మగా మార్చడమే ఫేజ్ కాంట్రాస్ట్. ఆ వంపును మామూలు ట్యూబ్‌తోనే పట్టుకోవచ్చని 2006లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఫైఫర్ బృందం మూడు గ్రేటింగ్‌ల అమరికతో చూపింది. ట్యూబ్ ముందున్న మొదటి గ్రేటింగ్ పెద్ద ఫోకల్ స్పాట్‌ను (ట్యూబ్‌లో ఎక్స్‌రేలు పుట్టే మచ్చను) సన్నని చీలికలుగా విడదీస్తుంది, రెండవది చారలు పుట్టిస్తుంది, మూడవది డిటెక్టర్ పిక్సెల్‌కు అందనంత సన్ననైన ఆ చారలను చదువుతుంది. ఏదో ఒక గ్రేటింగ్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ నాలుగైదు బొమ్మలు తీయడాన్నే ఫేజ్ స్టెప్పింగ్ అంటారు.

ఆ జరపడంలోనే అసలు చిక్కు ఉంది. మొదటి రెండు గ్రేటింగ్‌ల మధ్య 120 సెం.మీ., తరువాతి రెండింటి మధ్య 20 సెం.మీ. ఉండి, చివరిదాని గీతల ఎడం 5 మైక్రాన్లు అనుకోండి. ఒక చుట్టుకు 2 మి.మీ. జరిపే మర ఉన్న స్క్రూకు, చుట్టుకు 200 అడుగులు (స్టెప్‌లు) వేసే స్టెప్పర్ మోటారు బిగిస్తే ఒక్కో అడుగు 10 మైక్రాన్లు, అంటే ఒక్క అడుగులో రెండు గీతలు దాటిపోతాము. అదే మొదటి గ్రేటింగ్ గీతల ఎడం, దూరాల నిష్పత్తిని బట్టి, 30 మైక్రాన్లు అవుతుంది; కాబట్టి దాన్నే జరిపితే అదే మోటారుకు ఒక్కో అడుగును చిన్న ముక్కలుగా విడగొట్టే మైక్రోస్టెప్పింగ్ డ్రైవరు తగిలించి నెట్టుకురావచ్చు. కరెంటు వోల్టేజీతో అతి సన్నగా జరిగే ఖరీదైన పీజో స్టేజీ కొనమని చాలామంది సలహా ఇస్తారు గానీ, విద్యార్థి ప్రాజెక్టుకు అది దండగ అని నా అభిప్రాయం.

నా చట్రంలో ఉదయం బాగా వచ్చిన బొమ్మలు మధ్యాహ్నానికి అడ్డచారలతో నిండిపోయేవి. మూడు వారాలు మోటారునే అనుమానించి, చివరికి చట్రానికి థర్మామీటరు అంటిస్తే వేడి ఒక డిగ్రీ పెరుగుతోందని తేలింది. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది. నా చివరి గ్రేటింగ్ 20 సెం.మీ. అల్యూమినియం స్తంభం మీద, మధ్యది ఉక్కు స్తంభం మీద ఉండేవి, అల్యూమినియం 4.6 మైక్రాన్లు లేస్తే ఉక్కు దాదాపు అందులో సగమే లేచేది. ఆ తేడా ఒక గీత ఎడంలో సగానికి దగ్గర.

సెలవులకు విజయనగరం వచ్చినప్పుడు ఆ స్తంభాన్ని వేడికి దాదాపు పెరగని ఇన్వార్ అనే మిశ్రలోహంతో మళ్ళీ చేయించాలని లేత్ మేస్త్రి దగ్గరకు డ్రాయింగు పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని కాసేపు తిప్పితిప్పి చూసి, "స్తంభం పైకి పెరుగుతాదని మీరే అంటన్నారు కదండీ, గీతలు అడ్డంగా ఎందుకెట్టారు? నిలువుగా ఎట్టుకుంటే ఎంత పెరిగినా గీత గీత మీదే ఉంటాది కదా" అన్నారు. తిరిగి వెళ్ళి గ్రేటింగ్‌లు మూడింటినీ 90 డిగ్రీలు తిప్పాను. ఆ చారలు చాలావరకు పోయాయి, ఇన్వార్ అవసరమే రాలేదు.

ఇందులో మీకు పనికొచ్చే మెలిక ఒకటి ఉంది. ఈ అమరిక గీతలకు లంబంగా జరిగే వంపునే చూస్తుంది. అందువల్ల జీడిపప్పు రెండు బద్దల మధ్య సందు గీతలకు సమాంతరంగా ఉండేలా పప్పును నిలబెడితేనే ఆ సందు గట్టిగా కనిపిస్తుంది. పురుగు వదిలిన పొడి కోసమైతే అవే బొమ్మల నుంచి వచ్చే డార్క్ ఫీల్డ్ చిత్రాన్ని చూడండి. సన్నని రేణువుల చెదరింపు అందులోనే తెలుస్తుంది.

మైక్రాన్ల ఎడంలో పదుల మైక్రాన్ల ఎత్తు బంగారు గీతలు నిలపాలి కనుక శోషక (ఎక్స్‌రేలను పీల్చుకునే) గ్రేటింగ్‌లు ఇంట్లో తయారు కావు, కొనవలసిందే. ఎక్స్‌రే యంత్రం వాడకానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. అది ఉన్న ప్రయోగశాల దొరికేలోగా కాంతితో నమూనా చేయండి. లేజర్ ప్రింటరుతో పారదర్శక షీటు మీద 0.25 మి.మీ. ఎడంతో గీతలు అచ్చు వేసి, ఎర్ర లేజరు కాంతిని కటకంతో సమాంతరం చేసి పంపితే, సుమారు 20 సెం.మీ. దూరంలో ఆ గీతల ప్రతిబింబం మరో కటకం అక్కరలేకుండానే ఏర్పడుతుంది. అక్కడ రెండో షీటు పెట్టి మధ్యలో కర్పూరం వెలిగిస్తే వేడిగాలి చారలు చారలుగా కదలడం కంటికే కనిపిస్తుంది.

మీకు అందుబాటులో ఉన్న ట్యూబ్ ఫోకల్ స్పాట్ కొలత, డిటెక్టర్ పిక్సెల్ కొలత, బల్ల పొడవు రాయండి. మొదటి గ్రేటింగ్ ఎడం లెక్కగట్టి పంపిస్తాను.