స్పీకర్ల ధర ఇంట్లో ఎంత చెప్పాలి?

మీరు అడిగినవి రెండు. ఈమధ్యే అమెరికాలో జార్జియాకి మారారు, పాత క్లిప్ష్ కంపెనీ స్పీకర్లూ ఒక ట్యూబ్ యాంప్లిఫయరూ (పాతకాలం రేడియోల్లో లాగా వెలిగే గాజు ట్యూబులతో శబ్దాన్ని పెంచే పెట్టె) కొనాలని మనసు పడ్డారు. ఇంట్లో ధర తగ్గించి చెబితే గట్టెక్కుతామా అన్నది మొదటిది. ఇక్కడి ఎండాకాలానికి ట్యూబులు పనికొస్తాయా అన్నది రెండోది. మొదటి విషయంలో నేను దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి ముందు అదే చెబుతాను.

మేం అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో ఉంటాం. ఆరేళ్ల కిందట ప్రకటన చూసి, మేరియెట్టాలో ఒక పెద్దాయన దగ్గర క్లిప్ష్ హెరెసీ టూ అనే మోడల్ స్పీకర్ల జత కొన్నాను. 850 డాలర్లు. ఆయనది అలబామా, టెలిఫోన్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఒకటి డిక్కీలో పెట్టి, రెండోదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి సీటుబెల్టు వేసి తెచ్చాను. గరాజ్ తలుపు లేచేసరికి మా ఆవిడ ఎదురుగానే ఉంది.

"ఎంత?" అంది.

నా నోట్లోంచి "రెండొందలు" అని జారిపోయింది. ప్లాన్ చేసి ఆడిన అబద్ధం కూడా కాదు.

"ఈ పాత చెక్కపెట్టెలకి రెండొందలా!" అనుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

నాలుగు నెలలకి దసరా వచ్చింది. హెరెసీ ఎత్తు 21 అంగుళాలు, వెడల్పు పదిహేనున్నర. బొమ్మల కొలువుకి అటొకటి ఇటొకటి పెట్టి, పైన పాత ఉప్పాడ చీర మడత వేసి, కొండపల్లి ఏనుగు అంబారీని నిలబెట్టడానికి సరిగ్గా సరిపోయే కొలత. పేరంటానికి షార్లెట్ నుంచి కొత్తగా దిగిన ఒక జంట వచ్చింది. ఆడవాళ్లు తాంబూలాలు పుచ్చుకుంటుంటే ఆ అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని, చీర అంచు ఎత్తి, స్పీకర్ వెనక ఉన్న లేబుల్ చదువుతున్నాడు. మా ఆవిడ చూసింది. ఆవిడ చెయ్యి అసలే పెద్దది.

"నచ్చితే తీసుకెళ్లు తమ్ముడూ. మాకు లాభం ఏం వద్దులే, కొన్న ధరే ఇవ్వు. రెండొందలు."

ఆ అబ్బాయికి వాటి విలువ తెలుసు. ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి స్పీకర్ చూశాడు, నెమ్మదిగా జేబులోంచి ఫోను తీశాడు. డబ్బు పంపాలట, నా నంబరు కావాలట.

నేను వంటింట్లోకి పరుగెత్తాను. మా ఆవిడ వెనకాలే వచ్చింది. గారెల మూకుడు ముందు నిలబడి నిజం చెప్పాను. ఆవిడ అరవలేదు. ఒక గారె తిరగేసింది, రెండోది తిరగేసింది, అప్పుడు అంది: "అంటే మీరు నాకు ఆరొందల యాభై బాకీ." బయటికి వెళ్లి, "ఏమనుకోకు తమ్ముడూ, మీ బావగారికి లెక్కలు సరిగ్గా రావు" అని చెప్పి, ఇంకో రెండు గారెలు వేసి పంపింది.

ఆ బాకీ వారంలో తీర్చేశాను. ఆ డబ్బుతో మంచి వెట్ గ్రైండర్ వచ్చింది. తిరిగేటప్పుడు దాని చప్పుడు నా స్పీకర్ల కంటే ఎక్కువ. మాట్లాడే హక్కు నాకు లేదు. షార్లెట్ తమ్ముడు ఇప్పుడు మా శనివారం బృందంలో మనిషి. వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే, "అక్కా, ఆ రెండొందలు రెడీగా ఉన్నాయి" అంటాడు.

కాబట్టి ధర ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ ఆవిడ కోప్పడుతుందని కాదు, అదే ధరకి ఎవరికో మాట ఇచ్చేస్తుందని.

బృందం అన్నాను కదా. మేరియెట్టా పెద్దాయన, ఆయన భార్య, షార్లెట్ తమ్ముడు, గెయిన్స్‌విల్ నుంచి వచ్చే ఒక నర్సమ్మ, నేను. ఇదంతా మగవాళ్ల పిచ్చే అనుకునేరు. నర్సమ్మకి మూడు టర్న్‌టేబుళ్లు (రికార్డులు తిప్పే ప్లేయర్లు) ఉన్నాయి, వాటిని భర్తకి కనపడకుండా దాచే పని కూడా ఆవిడకి లేదు. ఆయన కొత్తగా కొన్న చేపల గేలాలు ఆవిడకి కనపడకుండా దాచే పనిలో ఉంటాడు. నెలకి రెండు శనివారాలు మా బేస్‌మెంట్‌లో కూర్చుంటాం. ఇక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు జార్జియా బుల్‌డాగ్స్ ఆట ఉన్న శనివారం మాత్రం ఎవర్నీ పిలవకండి, మీ పాటలు మీరొక్కరే వినాల్సి వస్తుంది.

దసరా సంగతి చెప్పినప్పుడు పెద్దాయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆయన భార్య మాత్రం నా చెయ్యి తట్టి "బ్లెస్ యువర్ హార్ట్" అంది. కొత్తలో నేను దీన్ని ఆశీర్వాదం అనుకుని థాంక్స్ చెప్పేవాణ్ణి. మనం "పాపం, పిచ్చి సన్నాసి" అంటామే, చాలాసార్లు దాని భావం అదే. మీరూ థాంక్స్ చెప్పెయ్యండి, ఎందుకైనా మంచిది. వాళ్లు బెండకాయ ముక్కలు మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించి తెస్తారు, మేం పల్లీలు వేసిన బెండకాయ వేపుడు పెడతాం. దారిలో బోర్డు పెట్టి అమ్మే బాయిల్డ్ పీనట్స్ కొనుక్కొస్తారు. అవి మనం ఉప్పేసి ఉడకబెట్టుకునే వేరుశెనక్కాయలే. వాళ్లు మరీ మెత్తగా, రసం కారేలా ఉడకబెడతారు. తినే చేత్తో రికార్డులు ముట్టుకోకూడదన్నది మా బృందానికి ఉన్న ఒకే ఒక్క రూలు.

ఈ హాబీలో వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్ అని ఒక మాట ఉంది. భార్య ఒప్పుకునే శాతం అన్నమాట. నర్సమ్మ ముందు ఆ మాట ఒకసారి అని చూశాం. మళ్లీ అనలేదు.

సైజు విషయంలో నాకు పనిచేసిన చిట్కా ఒకటే. కొనే ముందు అట్టపెట్టెలు కోసి, టేపు వేసి, స్పీకర్ల కొలతల్లో రెండు బొమ్మలు చేసి హాల్లో వారం రోజులు వదిలేయండి. మూడో రోజుకి ఎవరి కాలి వేలికి ఎక్కడ తగులుతుందో తేలిపోతుంది. హెరెసీ అందుకు మంచి బేరం. క్లిప్ష్ కంపెనీని పాల్ క్లిప్ష్ 1946లో ఆర్కన్సా రాష్ట్రంలో హోప్ అనే చిన్న ఊళ్లో పెట్టాడు. స్పీకర్ అంటే గది మూలలో ఒదిగి కూర్చునే పెద్ద హార్న్, అంటే బూర, అన్నది ఆయన మతం. 1957లో మూల అక్కర్లేని ఈ చిన్న పెట్టె చేస్తే, ఇది మతద్రోహం, ఇంగ్లీషులో హెరెసీ, అని దగ్గరివాళ్లే అన్నారట. ఆ మాటనే పేరుగా పెట్టేశాడు.

ఇక ట్యూబులు. నా యాంప్లిఫయర్ 300బి అనే రకం ట్యూబులతో, విడిభాగాల కిట్ తెప్పించి నేనే బిగించుకున్నది. ఒక్కో చానల్‌కి 8 వాట్లు. ఎనిమిదేనా అని నవ్వకండి. నా స్పీకర్లు ఒక వాటుకి, ఒక మీటరు దూరంలో 96 డెసిబెల్స్ శబ్దం ఇస్తాయి. మామూలు చిన్న స్పీకర్లు చాలా వరకు 86 దగ్గర ఉంటాయి. 10 డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల పవర్. అంటే నా ఎనిమిదీ వాటికి ఎనభైతో సమానం. పక్కింటివాళ్లు తలుపు కొట్టడానికి అంత చాలు.

వేడి మాత్రం నిజం. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూశాను, 130 వాట్లు లాగుతోంది. అందులో పాటగా మారేది పిసరంత, మిగతాదంతా వేడి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది కాబట్టి, ఇంటికి ఒక చుట్టం వచ్చి సోఫాలో కూర్చున్నట్టు అనుకోండి. ఆగస్టులో ఏసీకి ఆ చుట్టం బరువే. జనవరిలో మాత్రం రాజమర్యాద. చలికి పాలు తోడుకోవడం లేదని మా ఆవిడ విసుక్కుంటుంటే, ఒకరోజు గిన్నెను యాంప్లిఫయర్ పక్కన పెట్టి చూసింది. రెండు పాత రికార్డులు, ఒక కచేరీ, ఆపైన ఇంకాసేపు. పెరుగు చాకుతో కోసినట్టు తోడుకుంది. అప్పటినుంచి చలికాలంలో "ఇవాళ ఆ దీపాలు వెలిగించరా?" అని ఆవిడే అడుగుతుంది. గిన్నె పక్కన, ఓ మూరెడు దూరంలో. పైన మాత్రం వద్దు. లోపల వందల ఓల్టులు ఉంటాయి, పాలు ఒలికితే పెరుగు సంగతి తర్వాత.

ఉక్కపోతకి ట్యూబులకి ఏమీ కాదు, గాజు లోపల గాలే ఉండదు. పిన్నులు మసకబారితే ఏడాదికోసారి తుడుచుకుంటే చాలు. మార్చి చివర్లో ఇక్కడ పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లు, వరండాలు అన్నీ పసుపు పూసినట్టు అయిపోతాయి. "ఉగాదికి గడపకి పసుపు రాయక్కర్లేదు" అంటుంది మా ఆవిడ. ఆ నెల కిటికీలు తెరవకండి. వేసవిలో సాయంత్రం ఉరుముల వాన పట్టిందంటే ప్లగ్గు పీకేయండి. పిడుగు సర్జ్ ప్రొటెక్టర్‌ని అడిగి రాదు.

అన్నట్టు, 300బి ట్యూబు 1938 నాటిది, వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లది. ఇప్పుడు ఆ పేరుతో తయారుచేసే ఫ్యాక్టరీ మన జార్జియాలోనే, టెనెసీ సరిహద్దుని ఆనుకుని రాస్‌విల్‌లో ఉంది. జత ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, వాళ్లవి నేను కొనలేదు. పిల్లల్ని దగ్గర్లోని రాక్ సిటీ అనే విహార స్థలానికి తీసుకెళ్తున్నానని చెప్పి, దారిలో కాస్త పక్కకి తిప్పి ఆ ఫ్యాక్టరీ గోడ చూసి వచ్చాను. "బల్బుల కంపెనీ గోడ చూడ్డానికి రెండు గంటల డ్రైవా?" అంది మా ఆవిడ.

అలాగని ఆవిడకి పట్టదనుకునేరు. కిందటేడు ఒక శనివారం ఘంటసాల పాత రికార్డు పెట్టాను. ఎక్కడో ఏదో తేడా. గొంతు పల్చగా ఉంది, కింది శబ్దం ఖాళీ. ట్యూబులు ఇంకా వేడెక్కలేదన్నాడు తమ్ముడు. సూది అరిగిందంది నర్సమ్మ. పెద్దాయన గాలిలో తేమ అన్నాడు. నేను కేబుళ్లు మార్చాలేమో అన్నాను, అసలు నా మనసులో ఉన్నదే అది. నలభై నిమిషాలు వాదించుకున్నాం. మా ఆవిడ మిరపకాయ బజ్జీల పళ్లెం పట్టుకుని మెట్లు దిగి, రెండు స్పీకర్ల మధ్య ఒక్క క్షణం నిలబడింది.

"ఈయన మధ్యలో పాడాలి కదా. గదంతా తిరుగుతున్నాడేంటి?"

అంతే. అది మోనో రికార్డు. రెండు స్పీకర్లూ ఒకే పని చేస్తే గొంతు సరిగ్గా నడిమధ్య నిలబడాలి. పొద్దున తుడిచేటప్పుడు నేనే ఒక స్పీకర్‌కి ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేసి పెట్టాను. ఒకటి ముందుకి తోస్తే రెండోది వెనక్కి లాగుతోంది, బేస్ అంతా అందులోనే కొట్టుకుపోయింది. తీగలు మార్చేసరికి ఘంటసాల వచ్చి మధ్యలో నిలబడ్డాడు. పెద్దాయన భార్య ఈసారి మా నలుగురికీ కలిపి "బ్లెస్ యువర్ హార్ట్స్" అంది. అందుకని కొనే ముందు మీ ఆవిణ్ణి తీసుకెళ్లి వినిపించండి. ఒప్పించడానికి అనుకోకండి, మీ చెవి పొరపాటు పడితే పట్టుకోవడానికి.

తాజా కబురు: పెద్దాయన చిన్న ఇంటికి మారుతున్నాడు, తన క్లిప్ష్‌హార్న్‌లు అమ్మేస్తాడట. 1946 నుంచి తయారవుతున్న మోడల్, నాలుగడుగుల పైన ఎత్తు. గది గోడలే దాని హార్న్‌కి కొనసాగింపు కాబట్టి రెండూ రెండు మూలల్లో గోడలకి అతుక్కుని కూర్చోవాలి. ధర ఈసారి సెంటుతో సహా చెప్పాను. మా ఆవిడ టేపు పట్టుకుని బేస్‌మెంట్ కొలిచి వచ్చింది. ఒక మూల ఖాళీగా ఉందట. రెండో మూలలో సోనా మసూరి బస్తాలు ఆరు ఉన్నాయి, అవి కదలవట. ప్రస్తుతం చర్చలు అక్కడ ఆగాయి.