నారుమడి ప్రశ్నలు: చలిలో వేసవి నారు

ప్రశ్న: అమ్మా, మాది ఉట్నూరు దగ్గర పల్లె. అర ఎకరంలో కూరగాయలు పండిస్తాను. వేసవి పంటకని డిసెంబరు చివర టమాట, మిరప నారు పోశాను. రెండు వారాలైనా మిరప మొలవలేదు. టమాట మొలిచింది కానీ సన్నగా సాగి, మొదలు దగ్గర మెత్తబడి పడిపోతోంది. చలికి భయపడి పగలూ రాత్రీ పాలిథిన్ కప్పి, రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను.

జవాబు: తమ్ముడూ, మీ వైపు చలి గట్టిదే. కానీ టమాట నారు పోవడంలో చలి తప్పు సగమే. మిగతా సగం ఆ కప్పుదీ, రెండో పూట నీళ్లదీ.

మిరప సంగతి ముందు. ఆ గింజకు మట్టి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చగా ఉంటేనే హుషారు. చల్లని మట్టిలో మూడు వారాలు కూడా తీసుకుంటుంది. మడి చెరిపేయకండి. ఒక మూల నాలుగు గింజలు తవ్వి గోటితో నొక్కి చూడండి. గట్టిగా, లోపల తెల్లగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పిసికితే చీమిడిలా జారితే కుళ్లినట్టు. మళ్లీ పోయవలసి వస్తే గింజలను రాత్రంతా నానబెట్టి, పలుచని తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి గోడ పక్కన వెచ్చగా ఉంచండి. తెల్లని ముక్కు కనబడగానే విత్తి, పైన పలుచగా వరిగడ్డి పరవండి. మొలకలు తల ఎత్తిన రోజే సాయంత్రం గడ్డి తీసేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే మొలక గడ్డిలోనే సాగిపోతుంది.

టమాటకు వచ్చింది నారుకుళ్లు. తడి ఆరని మట్టిలో, గాలి ఆడని చోట పెరిగే బూజు జాతి తెగులు. పడిపోయిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేయండి. మిగిలిన మడిలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఆకుల మీద చల్లి వదిలేస్తే ప్రయోజనం లేదు. పాలిథిన్‌ను వెదురు బద్దల మీద, ఆకుకు తగలకుండా కట్టండి. పొద్దుగూకే ముందు కప్పి, ఉదయం ఎండ పడగానే తీసేయండి. నారు సన్నగా సాగేది వెలుతురు చాలకే. నీళ్లు ఒక్క పూటే, ఎండ ఎక్కాక. తొట్టిలో రాత్రంతా నిలిచిన నీరు కాకుండా నేరుగా బోరు నీరు పట్టండి, చలిలో అది గోరువెచ్చగా ఉంటుంది. ఆకు అడుగున ఊదారంగు కనిపిస్తే భాస్వరం ఎరువు కదా అని డీఏపీ బస్తా విప్పకండి. చల్లని మట్టిలో వేరు భాస్వరం అందుకోలేకపోవడం వల్ల వచ్చే రంగు అది, ఎండలు ముదిరితే పోతుంది.

వచ్చే ఏడాది మడిని జానెడు ఎత్తు చేయండి. 9 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు బూజును అణిచే మేలు బూజు పొడి) కలిపి, తడిపి, పది రోజులు నీడలో కప్పి ఉంచి మడిలో వేయండి.

నాటు ఎప్పుడంటారా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని అంతవరకు ఆగితే, టమాట పూతకు వచ్చేసరికి ఎండ 35 డిగ్రీలు దాటి పూత రాలుతుంది. మామూలుగా 25, 30 రోజుల నారు చాలు, చలిలో ఇంకో వారం పడుతుంది. నాటే ముందు వారం నీళ్లు తగ్గించి కాండాన్ని గట్టిపడనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటుంది. పెరట్లో మిరప, బీర వేస్తుందట. విత్తనాలు ఎప్పుడు పెట్టాలి? (హనుమకొండ)

జవాబు: అక్కడ మే మధ్య వరకు మంచు కొట్టే భయం ఉంటుంది. మిరప మార్చిలో ఇంట్లోనే పెట్టి, రోజుకు 14 గంటలు దీపం వెలుతురు చూపించాలి. బీర తొందర వద్దు. దాని వేరు కదిపితే అలుగుతుంది, ఏప్రిల్ చివర విడివిడి కుండీల్లో పెట్టి మే చివర నాటితే చాలు. ఇంట్లో పెరిగిన మొక్కను ఒక్కసారే ఎండలో పెడితే ఆకు తెల్లబడి మాడుతుంది. మొదటి రోజు గంటసేపు నీడలో ఉంచి, వారం పది రోజుల్లో మెల్లగా ఎండకు అలవాటు చేయమనండి.

ప్రశ్న: బెండ నారు పోసి నాటవచ్చా? (పరకాల)

జవాబు: ఎందుకండీ ఆ శ్రమ! బెండది తల్లివేరు, పీకి నాటితే బెంగపెట్టుకుంటుంది. రాత్రంతా నానబెట్టి, ఫిబ్రవరిలో నేరుగా విత్తండి.