నేల రైతుది, దారి మనది

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది. "ఊరు దాటగానే అంతా పచ్చటి పొలాలే. చూడటానికి బాగున్నాయి కానీ, అవన్నీ ఎవరివో కదా! లోపలికి వెళ్తే ఎవరైనా వచ్చి అరిస్తే?" ఆ భయంతోనే చాలామంది మొదటి రెండేళ్ల వారాంతాలనూ లండన్ వంతెనల మీద, షాపింగ్ మాళ్లలో గడిపేస్తారు. నేను రెడింగ్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. ఈ దేశంలో చూడవలసినదాంట్లో సగం ఆ పొలాల మధ్యే ఉందని నా నమ్మకం. అక్కడ నడిచే హక్కు మీకు చట్టప్రకారమే ఉంది.

ఇక్కడ పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కన ఉండే గట్టు కాదు. మన పల్లెల్లో పుంత అనో డొంక అనో అంటామే, అలాంటి దారి. చేల మధ్యగా, ఒక్కోసారి ఎవరి ఇంటి పెరడునో ఆనుకుని కూడా పోతుంది. గుర్రాల దారులతో కలిపి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటివి సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. నేల రైతుదే, దారి మాత్రం అందరిదీ. చేనుకు అడ్డంగా పోయే దారిని రైతు దున్నితే, సాధారణంగా 14 రోజుల్లోగా దాన్ని మళ్లీ నడవడానికి వీలుగా చేసి తీరాలి. గేటు స్తంభం మీద పసుపు బాణం ఉంటే అది కాలినడక దారి. నీలం బాణమైతే గుర్రాలూ సైకిళ్లూ కూడా వెళ్లవచ్చు. నారింజ రంగు అట్టతో వచ్చే ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో ఈ దారులన్నీ ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి. మీ ఊరి మ్యాపు ఒకటి కొనుక్కోండి. కొండల మధ్య ఫోను సిగ్నల్ పోయినా కాగితం చేతిలో ఉంటుంది.

ఈ హక్కును ఇక్కడివాళ్లు అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కార్మికులు వందల మంది కిండర్ స్కౌట్ అనే కొండమీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. పక్షుల వేట కోసం భూస్వాములు మూసి ఉంచిన కొండ అది. ఆ నడకకు ఐదుగురు జైలుకు వెళ్లారు. 1951లో ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్టే దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది. మాంచెస్టర్‌లోనో షెఫీల్డ్‌లోనో ఉన్నవాళ్లు రైలెక్కి ఎడేల్‌లో దిగితే చాలు, స్టేషన్ నుంచే కొండ దారులు మొదలవుతాయి.

హక్కు ఉంది కదా అని అజాగ్రత్తగా ఉండకూడదు. మూసి ఉన్న గేటును దాటాక మూయండి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదిలేయండి. గొర్రెలు ఈనే కాలంలో పిల్లలను వాటి వెంట పరిగెత్తనివ్వకండి. దూడలున్న ఆవుల మందకు మాత్రం దూరంగా, చేను అంచు వెంట తిరిగి వెళ్లండి. మన ఊళ్లో ఆవును తాకి దండం పెట్టుకునే అలవాటుతో ఇక్కడ దగ్గరకు వెళ్లకండి. ఇవి మనుషులకు మచ్చికైనవి కావు, తల్లి ఆవు బెదిరితే ప్రాణం మీదికి వస్తుంది. చాలాచోట్ల కంచె దాటడానికి చెక్క మెట్లే ఉంటాయి, చంటిపిల్లల బండి వాటి మీదుగా పోదు. బిడ్డను వీపున కట్టుకునే సంచి ఉంటే ఎక్కడికైనా వెళ్లవచ్చు.

మరో మాట, చలికాలం గురించి. మేము వచ్చిన మొదటి డిసెంబరులో, భోజనం చేసి తీరిగ్గా రెండు గంటలకు ఒక కొండ ఎక్కడం మొదలుపెట్టాం. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. నాలుగింటికల్లా చీకటి కమ్మేసింది. మా కాళ్లకు మామూలు క్యాన్వాసు బూట్లు, దిగే దారంతా జారుడు బురద. మా ఆవిడ ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో కంచె తీగను పట్టుకుని అడుగు అడుగూ దిగుతుంటే, కుక్కతో వస్తున్న ఒక పెద్దాయన తన టార్చిలైటు వెలుగులో మమ్మల్ని రోడ్డు దాకా దించారు. అప్పటి నుంచి మా సంచిలో టార్చి లేని రోజు లేదు. పట్టున్న బూట్లు, వానకోటు, టార్చి: ముందు ఈ మూడూ కొనండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే బయలుదేరండి. ఆదివారం పల్లె బస్సులు తక్కువ, తిరుగు బస్సు ఎప్పుడో చూసుకున్నాకే ఇల్లు కదలండి.

ఇక చారిత్రక స్థలాలను కాపాడే సంస్థల సభ్యత్వాల సంగతి. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ వేరు, ఇంగ్లిష్ హెరిటేజ్ వేరు. మొదటిదాని చేతిలో పెద్ద భవంతులు, తోటలు, సముద్రతీరాలు ఎక్కువ. రెండోదాని కింద 400కు పైగా కోటలు, శిథిలాలు, ఆదిమ కాలపు కట్టడాలు ఉన్నాయి. చిన్నపిల్లలతో తోటల్లో తిరిగేవాళ్లకు మొదటిదే మేలని నేను చెబుతాను. కార్ పార్కింగ్ రుసుమే ఎంతో కలిసొస్తుంది. ఆ సభ్యులకు స్టోన్‌హెంజ్ అనే ఆదిమ కాలపు రాతి వలయానికి ప్రవేశం కూడా ఉచితమే. కారు లేనివాళ్లు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్ కార్డు తీసుకోండి. పెద్దల టికెట్‌లో మూడో వంతు, పిల్లల టికెట్‌లో 60 శాతం తగ్గుతుంది.

స్టోన్‌హెంజ్ చూడొద్దని అనను. కానీ మామూలు టికెట్‌తో వెళ్తే ఆ రాళ్లను కొంత దూరం నుంచే చూసి రావాలి. స్టోన్‌హెంజ్ ఉన్న విల్ట్‌షైర్‌లోనే ఏవ్‌బరీ ఉంది, స్విండన్ నుంచి బస్సు వెళ్తుంది. రాతి వలయాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. ఎంత పెద్దదంటే దాని లోపలే ఊళ్లో కొంత భాగం ఉంది. ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు. వేల ఏళ్ల కిందట నిలబెట్టిన రాయికి వీపు ఆనించి, గొర్రెలు మేస్తుంటే, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాయి వెచ్చగా తగులుతుంది.

ఉత్తరాన ఉన్నవాళ్లకు యార్క్‌షైర్‌లో 1132లో మొదలైన ఫౌంటెన్స్ ఆబీ అనే క్రైస్తవ మఠం, ఇంకా పైకి వెళ్తే క్రీ.శ. 122లో రోమన్లు కట్టడం మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ ఉన్నాయి. గోడ దగ్గర హౌస్‌స్టెడ్స్ కోట భాగం చూడండి, సైనికుల మరుగుదొడ్ల కాలువలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

నాకు మనసుకు దగ్గరైన చోట్లు మాత్రం రెండు. ఒకటి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్టోక్ రో అనే చిన్న పల్లె. అక్కడ రోడ్డు పక్కనే గుమ్మటం కింద ఒక నుయ్యి, నీళ్లు తోడే చక్రాల యంత్రం మీద బంగారు రంగు ఏనుగు బొమ్మ. కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ తవ్వించిన నుయ్యి అది. ఆ ప్రాంతం నుంచి వచ్చి కాశీ వైపు ఉద్యోగం చేసిన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి, అక్కడి నీటి కటకట గురించి రాజుగారికి చెప్పారట. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు తాగేసిన పిల్లవాడిని తల్లి కొట్టిన సంగతి రాజుగారి మనసులో ఉండిపోయింది. 368 అడుగుల లోతు, వెడల్పు నాలుగు అడుగులే, అంతా చేతులతో తవ్వినదే. 1864 మే 24న ఊరికి అప్పగించారు. అప్పట్లో నీళ్లు ఉచితం. నిర్వహణ ఖర్చుకు పక్కనే చెర్రీ తోట వేయించి దానికి ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు. మన దేశం నుంచి ఇక్కడికి తరలిపోయిన వస్తువులను మ్యూజియంలలో చూసి బరువెక్కిన మనసుతో ఉన్నవాళ్లు ఒకసారి ఈ నుయ్యి దగ్గర నిలబడాలి.

రెండోది సర్రీలోని డార్కింగ్. రెడింగ్ నుంచి నేరుగా డార్కింగ్ డీప్‌డీన్‌కు రైలుంది, లండన్ నుంచి డార్కింగ్ స్టేషన్‌కు గంట కన్నా తక్కువే. బాక్స్ హిల్ పాదాల దగ్గర మోల్ నదిని రాళ్ల మీద అడుగులు వేస్తూ దాటి, మెట్ల దారిలో పైకి ఎక్కితే సర్రీ అంతా కింద పరుచుకుని ఉంటుంది. వాన ఎక్కువైతే రాళ్లు మునిగిపోతాయి, అప్పుడు కాస్త దూరంలోని వంతెన మీదుగా దాటండి. కొండ దిగాక ఊళ్లోని శ్మశానవాటికకు వెళ్లండి. సర్ ఆర్థర్ కాటన్ సమాధి అక్కడే ఉంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మనిషి 1899లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. గోదావరిలో స్నానం చేసేటప్పుడు కాటన్‌ను భగీరథుడని స్మరించే శ్లోకాన్ని మా తాతగారు చదవగా విన్నాను. ఆ సమాధి ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు నోటికి వచ్చింది ఆ శ్లోకమే. పూలు తీసుకెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి. చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పేసి, సమాధి మీద పూలు మాత్రమే ఉంచి రండి.