అమ్మాయి ఈగల మీద పరిశోధన చేస్తానంటోంది, ఎలా నచ్చజెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు. జీవశాస్త్రంలో పీజీ పూర్తి కావస్తోంది. పీహెచ్‌డీకి రెండు చోట్ల అవకాశం వచ్చింది. ఒకచోట పరాన్నజీవి ఈగల వర్గీకరణ. రెండోచోట గ్రీన్‌హౌస్‌లో పెంచే బేసిల్ అనే తులసి జాతి మొక్క మీద రసాయన పరిశోధన. తను ఈగలే కావాలంటోంది. మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే ఆకలి కూడా తెలియదట. ఫొటో చూసి ఏఐ పేరు చెప్పేస్తున్న ఈ రోజుల్లో ఈగలకు పేర్లు పెట్టే చదువు ఎందుకు? బేసిల్ అయితే మట్టి లేకుండా నీళ్లలో పంట పెంచే హైడ్రోపోనిక్స్, అరల మీద అరలుగా పెంచే వర్టికల్ ఫార్మింగ్ కంపెనీల్లో మంచి భవిష్యత్తు ఉంటుందంటున్నారు. రెండూ పోల్చి చూపి, మీరైనా నచ్చజెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకదాంట్లో సాలీళ్లు, ఇంకోదాంట్లో నాచు, మీ ఉత్తరంలో ఈగలు. అడుగున ఉండే బెంగ మాత్రం ఒకటే. మా పిల్ల ఏం చేస్తోందని నలుగురు అడిగితే ఏం చెప్పాలి, రేపు దాని బతుకు గడుస్తుందా? ఆ బెంగను నేను తప్పుపట్టను. ప్రవేశ పరీక్షలు, ఫెలోషిప్ దరఖాస్తుల సంగతి మీకు తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోకుండా, ముందు ఈ ఈగల గురించి చెబుతాను. ఇక్కడే మీకు పెద్ద పొరపాటు జరిగింది.

మీ అమ్మాయి చెబుతున్నవి ఇంట్లో గిన్నెల మీద వాలే ఈగలు కావు. టాకినిడ్ అనే ఒక్క కుటుంబంలోనే ఇప్పటిదాకా పేరు పెట్టినవి 8,500కి పైగా జాతులున్నాయి. వీటి పిల్ల పురుగులు గొంగళిపురుగుల్లోనో, పెంకు పురుగుల్లోనో, నల్లుల జాతి పురుగుల్లోనో చేరి, లోపలే తిని పెరిగి, చివరికి ఆశ్రయమిచ్చిన దాన్నే చంపుతాయి. పట్టుపురుగుల పెంపకందారులను ఏడిపించే ఊజీ ఈగదీ ఈ కుటుంబమే. కొబ్బరి ఆకులను తినేసే చిమ్మటను అణచడానికి 1925లో ఫిజీకి తెచ్చి వదిలినది కూడా ఇందులోదే, అక్కడ ఆ పని బ్రహ్మాండంగా జరిగింది. అదే 1906లో మేలు చేస్తుందని అమెరికాకు తెచ్చిన మరొకటి, తినమన్న పురుగుతో ఆగకుండా 180కి పైగా జాతుల మీద పడింది. అందమైన పెద్ద పట్టు చిమ్మటలు అక్కడ తగ్గిపోవడంలో దాని పాత్ర ఉంది. ఏ ఈగ దేన్ని తింటుందో ముందే తెలిసి ఉండాలంటే, అది ఏ ఈగో ఎవరో ఒకరు ఖాయంగా చెప్పాలి కదా.

వర్గీకరణ అంటే పేర్లు పెట్టడమేగా అనే తల్లిదండ్రులకు నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. అమెరికా ఖండాల్లో స్క్రూవర్మ్ అనే ఈగ పశువుల గాయాల్లో గుడ్లు పెడుతుంది. పురుగులు బతికున్న మాంసాన్నే తొలుచుకు తింటాయి. దీనికి చుట్టం వరసైన మరో ఈగ ఉంది. చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది, కానీ ఎక్కువగా బతికేది చచ్చిన కళేబరాల మీద. ఏళ్ల తరబడి ఈ రెంటినీ ఒకటే అనుకున్నారు. 1933లో కుషింగ్, ప్యాటన్ అనే ఇద్దరు కూర్చుని ఇవి రెండు వేర్వేరు జాతులని తేల్చారు. అప్పుడు గానీ అసలు శత్రువు మీద దృష్టి నిలవలేదు. దాని ఆడ ఈగ మామూలుగా జీవితంలో ఒక్కసారే జతకడుతుందని తెలిసింది. అయితే రేడియేషన్‌తో వంధ్యత్వం తెప్పించిన మగ ఈగలను గుంపులుగా వదిలితే సంతానమే ఉండదు కదా అని ఎడ్వర్డ్ నిప్లింగ్ అనే అమెరికా కీటక శాస్త్రవేత్త ఆలోచించాడు. 1954లో కరీబియన్ సముద్రంలోని క్యురసావ్ దీవిలో ఆ ఈగ ఆనవాలు లేకుండా పోయింది. 1988లో లిబియాలో బయటపడినప్పుడూ ఈ పద్ధతితోనే వదిలించారు. 2024 చివర్లో అది మెక్సికోలో మళ్లీ కనిపించింది. ఈ పనంతటికీ మొదటి మెట్టు, ఇద్దరు మనుషులు రెండు ఈగలను పక్కపక్కన పెట్టి ఓపిగ్గా చూడడం.

ఇక ఏఐ సంగతి. నా దగ్గరికి వచ్చే ఒక విద్యార్థి పక్కన ఓ పూటంతా కూర్చుని ఈ పని చూశాను. సూదికి గుచ్చిన ఈగను మైక్రోస్కోప్ కింద పక్కకు తిప్పాడు. వీపు చివరనున్న చిన్న పలక కింద ఇంకో ఉబ్బు కనిపించింది. అదుంటే టాకినిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత రొమ్ము పక్కన వరసగా ఉన్న ముళ్లలాంటి వెంట్రుకలను లెక్కపెట్టాడు. అప్పటికీ జాతి తేలలేదు. మగది కాబట్టి పొట్ట కొస విడదీసి, పొటాష్ ద్రావణంలో వెచ్చబెట్టి మెత్తబరిచి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి జననాంగాల ఆకారం చూశాడు. పూటంతా అయ్యాక ఒక్క పేరు వచ్చింది. పైనుంచి తీసిన ఫొటోలో ఇందులో చాలా భాగం కనిపించదు. ఏఐకి ఫొటోలు ఇచ్చి నేర్పేటప్పుడు వాటి కింద సరైన పేరు రాయాల్సింది కూడా ఇలాంటి మనిషే.

డీఎన్‌ఏ వచ్చాక ఈ పని తగ్గిందా అంటే, పెరిగింది. కోస్టారికాలో ఎన్నో రకాల గొంగళిపురుగులను తింటాయనుకున్న 16 టాకినిడ్ జాతులకు డీఎన్‌ఏ బార్‌కోడింగ్, అంటే డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క చదివి జాతిని గుర్తించే పని, చేస్తే, 2007లో వచ్చిన ఫలితాల్లో 73 వేర్వేరు వంశాలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించి, వర్ణించి, పేరు పెట్టడానికి మనుషులు చాలడం లేదు.

అలాగని ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. వర్గీకరణ అని బోర్డు పెట్టుకున్న శాశ్వత ఉద్యోగాలు ఎక్కడైనా తక్కువే. మ్యూజియంలు, మొక్కల క్వారంటైన్, జీవ నియంత్రణ, నేర పరిశోధనలో కీటకాల విభాగం, ఇలా దారులున్నా అన్నీ సన్నవే. అందుకే ఈ దారిలో వెళ్లే పిల్లలు డీఎన్‌ఏ పని, గణాంకాలు, కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకుని తీరాలంటాను. వెంట్రుకలు లెక్కపెట్టడమూ డీఎన్‌ఏ సీక్వెన్స్ చదవడమూ రెండూ వచ్చినవాళ్లను ల్యాబులు వదులుకోవు.

బేసిల్ పనిని తక్కువ చేయను, అదీ గొప్ప శాస్త్రమే. మనం రుద్రజడ అంటామే, సబ్జా గింజలిచ్చే మొక్క, అదే ఇది. ఆకు మీద కంటికి ఆనని నూనె గ్రంథులుంటాయి. వాసనంతా వాటిలోదే. ఆ నూనెలోని రసాయనాల్లో ఒక రకం మొక్కలో లినలూల్ ఎక్కువ, ఇంకోదాంట్లో యూజినాల్, మరోదాంట్లో మిథైల్ చావికాల్. మామూలు గ్రీన్‌హౌస్ అద్దం ఎండలోని యూవీ-బి అనే అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది, అవి అందకపోతే గ్రంథులు పూర్తిగా ఎదగవని ప్రయోగాల్లో తేలింది. జెనోవేసే అనే రకంలో మొక్క పది సెంటీమీటర్లు దాటనంతవరకు మిథైల్ యూజినాల్ ఎక్కువగా ఉండి, ఎత్తు పెరిగాక యూజినాల్ ఎక్కువవుతుందని ఒక పరిశోధన చూపింది. మిథైల్ యూజినాల్ ఎలుకల్లో క్యాన్సర్ కలిగించిన పదార్థం కాబట్టి, ఏ ఎత్తులో కోయాలన్నది తినేవాళ్ల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న కూడా అవుతుంది. అమ్మాయికి ఇది నచ్చి ఉంటే సంతోషంగా వెళ్లమనేవాణ్ని.

నాకు అనుమానమల్లా మీరు దానికి తగిలించిన ఆశ మీద. వర్టికల్ ఫార్మింగ్‌లోకి ఎంతో పెట్టుబడి వచ్చింది. తర్వాత ఏమైందో మీకు చెప్పినవాళ్లు చెప్పలేదేమో. ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. పెద్ద గ్రీన్‌హౌస్‌లు కట్టిన యాప్‌హార్వెస్ట్ మరుసటి నెలలోనే ఆ దారి పట్టింది. బోవరీ 2024 నవంబర్‌లో మూతపడింది. ప్లెంటీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. సూర్యుడు ఊరికే ఇచ్చే వెలుగును కరెంటుతో కొని ఆకుకూర పండించడం చాలా ఖరీదైన పని. కొన్ని కంపెనీలు నిలబడవచ్చు, నిలబడాలనే నా కోరిక కూడా. కానీ ఐదేళ్ల తర్వాత ఏ కంపెనీ తలుపు తెరిచి ఉంటుందో చూసుకుని ఇప్పుడు పీహెచ్‌డీ ఎంచుకోవడం గాలిలో మేడ కట్టడమే. బేసిల్ చదివిన అమ్మాయికి చివరిదాకా తోడుండేది జీసీ-ఎంఎస్ యంత్రం మీద, అంటే మిశ్రమంలోని రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రం మీద, చేతి పట్టు. మందులు, సుగంధాలు, ఆహార పరీక్షలు, నేర పరిశోధన, అన్నిచోట్లా అది పనికొస్తుంది. ఆ ల్యాబ్ అసలు విలువ అది, దాన్ని మీరు ఉత్తరంలో ప్రస్తావించనే లేదు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మీ అమ్మాయి మాటగా ఉన్నది ఒక్కటే, మైక్రోస్కోప్ ముందు ఆకలి తెలియదని. దాన్ని మీరు ఫిర్యాదులా రాశారు. పాతికేళ్లుగా పిల్లలతో మాట్లాడుతున్నాను. పీహెచ్‌డీ మూడో ఏడు వచ్చేసరికి ప్రయోగాలు చెడతాయి, గైడ్ విసుక్కుంటాడు, తోటివాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడతారు. ఆ ఏడు గట్టెక్కే పిల్లల్లో నేను చూసిన లక్షణం సరిగ్గా ఇదే. తండ్రి మాట కాదనలేక వేరే సబ్జెక్టు తీసుకుని, మధ్యలో వదిలేసి వచ్చి నా ఎదుట ఏడ్చినవాళ్లను కూడా చూశాను. ఆ తండ్రులూ పిల్ల బాగు కోరినవాళ్లే. అయినా ఏడేళ్ల పిల్లకు చెప్పినట్టు ఇరవై రెండేళ్ల పిల్లకు ‘నచ్చజెప్పండి’ అని నన్ను అడగడం న్యాయం కాదు.

భయపడకండి. రెండు చోట్లా అవకాశం తెచ్చుకున్న పిల్ల బతుకు తెరువు లేకుండా పోదు. పీహెచ్‌డీ అంశం జీవితాంతం మెడకు చుట్టుకునేదీ కాదు. రెంటిలో ఏది మేలని నన్ను సూటిగా అడిగితే, ఈ అమ్మాయికి ఈగలే. కాకపోతే ఒప్పుకునే ముందు రెండు ల్యాబులకూ ఉత్తరం రాసి కొన్ని సంగతులు కనుక్కోవాలి. గతంలో అక్కడ చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ఫెలోషిప్ చివరిదాకా వస్తుందా, ఈగల ల్యాబ్‌లో డీఎన్‌ఏ పని తన చేత్తో చేయనిస్తారా, బేసిల్ ల్యాబ్‌లో యంత్రం తనే నడుపుతుందా లేక శాంపిల్ ఇచ్చి రిపోర్టు తెచ్చుకోవడమేనా. ఆ ఉత్తరాలు తననే రాయనివ్వండి. జవాబులు వచ్చాక ఇంకా సందేహముంటే నాకు రాయండి. ఈసారి అమ్మాయినే రాయమనండి.