పది రూపాయల క్రికెట్ కార్డులు అమ్ముడుపోవడం లేదన్న ప్రశ్నకు సమాధానం
ఆటగాళ్ల బొమ్మలున్న క్రికెట్ కార్డులను విజయనగరం నుంచి ఆన్‌లైన్‌లో ఒక్కోటి పది రూపాయలకు అమ్మకానికి పెట్టినా ఎవరూ కొనకపోవడానికి కారణం మీ ధర కాదు, తపాలా ఖర్చు. 2025 అక్టోబరు 1 నుంచి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు ఊరు దాటితే 47 రూపాయలు, ఆపైన జీఎస్టీ చెల్లించాలి.

1. తపాలా ఖర్చు ఒక్కసారే పడేలా, ఒకే జట్టుకు చెందిన పదిహేను కార్డులను కలిపి ఒకే అమ్మకంగా పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కార్డులను ప్లాస్టిక్ తొడుగులో ఉంచి, రెండు అట్టముక్కల మధ్య సర్ది, కవరు అంటించిన తరువాతే తూచి, ఆ బరువును బట్టి ధర నిర్ణయించి ప్రకటన పెట్టండి. మామూలు కార్డు ఒక్కోటి సుమారు రెండు గ్రాములే గానీ, అట్టతో కలిపి మొత్తం 50 గ్రాములు దాటితే రేటు మారిపోతుంది. ఇంట్లో చిన్న త్రాసు లేకపోతే పోస్టాఫీసు కౌంటరులో తూయించవచ్చు. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి, అంచులు నొక్కుకుపోతాయి.

3. తపాలాతో కలిపిన ధరనే చూపి, నలిగిన మూలలను దగ్గరగా ఫోటో తీసి జతచేయండి.