పేరూ మరకా పక్కపక్కన పడితే

ప్రశ్న: అమెరికా దుస్తుల కంపెనీ అర్బన్ అవుట్‌ఫిటర్స్ 2014లో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ పేరున్న స్వెట్‌షర్ట్‌ను నెత్తుటి మరకలతో అమ్మిందంటారు. అది కావాలని వేసిన అచ్చేనా?

జవాబు: కంపెనీ కాదంది. ‘వింటేజ్’ (పాతకాలపు) సరుకుగా 129 డాలర్లకు పెట్టిన ఆ ఒక్క పీసుపై ఎరుపు అసలు రంగు వెలిసిపోగా మిగిలిందనీ, చిల్లులు వాడకంతో పడ్డవనీ సంజాయిషీ చెప్పి క్షమాపణ కోరింది. అయితే 1970 మే 4న ఒహాయో నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక దళం) కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయి తొమ్మిదిమంది గాయపడింది ఆ క్యాంపస్‌లోనే. ఆ పేరు పక్కన ఎర్రమరకలూ చిల్లులూ చూసినవాళ్లకు ఇంకేం గుర్తొస్తుంది?

బట్ట సంగతికొస్తే, నెత్తురు ఆరాక గోధుమ రంగుకు తిరుగుతుంది, ఏళ్లు గడిచినా ఎర్రగా ఉండిపోదు. ఎండకు వెలిసిన బట్టకు మడతల లోపలా చంకల కిందా పాత రంగు నిలిచే ఉంటుంది. తర్వాత ఎవరైనా రంగద్దారా అన్నది కుట్టు దారం చెబుతుంది. నూలుకు వేసే రంగును పాలిస్టర్ దారం పట్టుకోదు, అందుకే బట్టంతా మారినా కుట్లు మాత్రం పాత రంగులోనే కనిపిస్తాయి. పాత బట్టలు ఏరి కొనేవాళ్లకు ఇవన్నీ వెన్నతో పెట్టిన విద్య. ఛాతీ మీది పేరును మాత్రం ఎవరూ చదివినట్టు లేదు.

ప్రశ్న: ఈ కంపెనీ మీద వచ్చిన ఇన్ని గొడవల్లో అమెరికా ఆదివాసీ తెగ నావహోల వ్యవహారమే కోర్టుదాకా ఎందుకు వెళ్లింది?

జవాబు: మనసు నొచ్చినంత మాత్రాన అమెరికాలో దావా నిలబడదు. ఆ తెగ సొంత ప్రభుత్వమైన నావహో నేషన్ చేతిలో మాత్రం 1943 నుంచీ ఆ పేరు మీద ట్రేడ్‌మార్కులున్నాయి. 2011లో ‘నావహో’ పేరు తగిలించిన లోదుస్తులూ మద్యం ఫ్లాస్కూ ఈ కంపెనీలో అమ్మకానికొచ్చాయి. మద్యం అమ్మకాన్ని తమ గడ్డపై నిషేధించుకున్న జాతి పేరుతో ఫ్లాస్కు! ముందు నోటీసు వెళ్లింది, 2012లో న్యూమెక్సికో ఫెడరల్ కోర్టులో దావా పడింది.

ట్రేడ్‌మార్కుతో పాటు 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టాన్నీ (ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసీలు) వాళ్లు పట్టుకున్నారు. ఫలానా తెగవాళ్లు చేసిందని భ్రమ కలిగించేలా సరుకు అమ్మితే, అమ్మకానికి ఉంచిన ప్రతి రోజుకూ కనీసం 1000 డాలర్ల చొప్పున పరిహారం అడిగే వీలు అందులో ఉంది. అంటే ఆలస్యమే ఖరీదు. 2016 మేలో జడ్జి ఒక వాదనను కొట్టేశారు, ట్రేడ్‌మార్కు చట్టం అడిగేంత ఇంటింటా తెలిసిన పేరు కాదన్నారు. మిగతావి నడుస్తుండగానే అదే ఏడాది నవంబరులో రాజీ కుదిరింది.

ప్రశ్న: సాక్సుల మీద వినాయకుడి బొమ్మ కూడా వీళ్లదేనట కదా! మాటిమాటికీ ఎలా జారిపోతాయి?

జవాబు: అవును, 2013 డిసెంబరులో. అభ్యంతరాలు రాగానే తీసేశారు. బొమ్మ వేరుగా, అది ఎక్కే వస్తువు వేరుగా ఓకే అయితే ఇలాగే ఉంటుంది. గోడకు తగిలిస్తే నమస్కారం పెట్టే బొమ్మ పాదానికి తొడిగితే ఏమవుతుందో ఆ రెంటినీ కలిపి చూసినవాళ్లకే తెలుస్తుంది. 2010లో ఒక టీషర్టు రంగుల జాబితాలో ‘ఒబామా/బ్లాక్’ అని వచ్చింది. అది డిజైన్ కానే కాదు, వెబ్‌సైటులో ఎవరో టైపు చేసిన గడి.

కాబట్టి అచ్చు వేసే స్క్రీన్లు తయారుకాక ముందే, బొమ్మను అది పడే వస్తువు మీదే పెట్టి చూడాలి. ఊరి పేరో కాలేజీ పేరో ఉంటే దాని పక్కన ‘కాల్పులు’, ‘మరణాలు’ చేర్చి వెతకాలి. తెగ పేరయితే అమెరికా ట్రేడ్‌మార్కు ఆఫీసు సైటులో వెతకడానికి పైసా ఖర్చు లేదు. ఉత్పత్తి పేరూ రంగు పేరూ టైపు చేసినవాళ్లు కాక ఇంకొకరు చదవాలి.

వెనక్కి తీసుకునేటప్పుడు వెబ్ పేజీ ఒక్కటీ చెరిపేస్తే సరిపోదు. దుకాణాల్లో అరల మీది సరుకు అమ్ముడవుతూనే ఉంటుంది. ముందు బిల్లింగులో బార్‌కోడ్ ఆపి, ఆ తర్వాత అరలు ఖాళీ చేయించాలి. అమ్ముడైపోయినదాన్ని తిరిగి రప్పించే దారి లేదు. కెంట్ స్టేట్ స్వెట్‌షర్ట్ ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో మళ్లీ అమ్మకానికి తేలింది.