కోట్ల జీతం చూసి గంతులెయ్యకు

తమ్ముడూ,

జకార్తా దగ్గర్లో మిల్లు ఉద్యోగం వచ్చిందనీ, జీతం నెలకి రెండున్నర కోట్ల రుపియా అనీ, అసలు ఇండోనేషియా ఎలాంటి దేశమో నాలుగు ముక్కల్లో చెప్పమనీ రాశావు. ముందు ఆ కోట్ల సంగతి తేలుద్దాం. మన రూపాయికి ఇక్కడ సుమారు 190 రుపియా. భాగించు. లక్షా ముప్పై వేలు. మంచి జీతమే, కాదనను. ఊళ్లో మాత్రం కోట్లని చెప్పకు. నేను చెప్పుకుని, మా ఆవిడ తోటికోడలి తమ్ముడికి పొలం కొనిపెట్టమనే దాకా తెచ్చుకున్నాను.

2008లో గుంటూరు స్పిన్నింగ్ మిల్లు నుంచి వచ్చాను. రెండో రోజే ఓజెక్ అతనికి, అంటే బైకు మీద దింపేవాడికి, పది వేలనుకుని లక్ష నోటు చేతిలో పెట్టాను. చీకట్లో ఆ రెండు నోట్లూ ఒకలాగే ఉండేవి. నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారేమో, 2010లో పది వేల నోటు రంగు మార్చారు. నా తొంభై వేలు మాత్రం పోయినట్టే. మీ పిల్లలు వాట్సాప్‌లో తిప్పే వినాయకుడి నోటు కూడా ఇప్పుడు చెల్లదు. అది 1998 నాటి ఇరవై వేల నోటు, 2008 చివర్లో ఉపసంహరించారు. బజార్లో ధర చెప్పేటప్పుడు ‘వేలు’ అన్న మాట మింగేస్తారు. ‘దువా పులుహ్’ అంటే ఇరవై కాదు, ఇరవై వేలు. లక్షలూ కోట్లూ మర్చిపో. ‘జూతా’ అంటే పది లక్షలు, ‘మిలియార్’ అంటే వంద కోట్లు.

భూగోళం అడిగావు. పదిహేడు వేలకు పైగా దీవులు, మూడు రకాల టైములు. నీకు పనికొచ్చే ముక్క ఒకటే. జావా దీవి ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది, అందులో పదిహేను కోట్ల పైచిలుకు జనం. దేశంలో సగం పైన అక్కడే. ఫ్యాక్టరీలూ అక్కడే, అందుకే అద్దెలూ అక్కడే మండుతాయి. రాజధానిని బోర్నియో దీవిలోని కాలిమంతాన్‌లో కట్టే నుసంతారాకి మారుస్తామంటున్నారు. నీ మిల్లు మారదులే.

అసలు దెబ్బ ఇంటి దగ్గర తగిలింది. 2012లో మీ వదిననీ పిల్లాడినీ తెచ్చుకుందామని ఇల్లు చూశాను. నెలకి పాతిక లక్షల రుపియా అంటే, అప్పటి లెక్కలో మన పద్నాలుగు వేలు, సరే అన్నాను. ఇంటావిడ నవ్వుతూ టీ ఇచ్చి, ఏడాది అద్దె ఒకేసారి కట్టమంది. ఇక్కడ అదే పద్ధతి, నాకెవరూ చెప్పలేదు. రెండేళ్లది కడితే యాభై లక్షలు తగ్గిస్తానంది. నేను తెలివైనవాణ్ణి కదా! ఇంటి నుంచి రెండు లక్షలు తెప్పించి, మిగతాది మిల్లులో అడ్వాన్సు తీసుకుని, ఐదున్నర కోట్లు కట్టేశాను.

ఇక్కడ ప్రభుత్వం సంగతి వస్తుంది. అధ్యక్షుణ్ణి 2004 నుంచి జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు, ఐదేళ్లకోసారి, రెండుసార్లే అవకాశం. అది సరే. నీ కడుపుకి సంబంధించింది కనీస వేతనం. అది జిల్లాకో రకం, ఏటా మారుతుంది. 2013లో జకార్తాలో ఒక్కసారే నలభై శాతానికి పైగా పెంచారు, చుట్టుపక్కల జిల్లాలూ అదే దారి పట్టాయి. కూలీలకి మంచిదే. మా యజమాని మాత్రం సగం మెషీన్లు విప్పి, కూలి తక్కువని మధ్య జావాకి పంపాడు. మెషీన్లతో పాటు నన్నూ. ఇంకా పద్నాలుగు నెలల అద్దె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇబు, అంటే ఆ ఇంటావిడ, మళ్లీ నవ్వింది, మళ్లీ టీ ఇచ్చింది. పైసా తిరిగివ్వలేదు. కాగితం మీద సంతకం నాదే.

ఆ ఏడే ఇంకో పాఠం. మిగిలిందంతా రుపియాల్లోనే బ్యాంకులో దాచాను. జనవరిలో డాలరుకి సుమారు తొమ్మిది వేల ఏడొందలు, డిసెంబరుకి పన్నెండు వేలు దాటింది. ఇక్కడి పెద్దవాళ్లకి ఇది కొత్త కాదు. 1997కి ముందు డాలరు రెండున్నర వేల లోపు ఉండేది, 1998లో పదహారు వేలు దాటింది, ముప్పై ఏళ్ల పైన ఏలిన సుహార్తో ఆ గొడవల్లోనే దిగిపోయాడు. అందుకే చెబుతున్నా, నెలనెలా పంపెయ్. పంపేటప్పుడు రుపియా డాలరై, డాలరు రూపాయై, రెండుచోట్లా కోత పడుతుంది. ఫీజు ఎంతని కాదు, చివరికి ఇంట్లో ఎంత పడుతుందని అడుగు.

దేశం దేని మీద బతుకుతుందంటావా, బొగ్గు, పామాయిలు, నికెలు. 2022 ఏప్రిల్ ఆఖర్న ఇక్కడ వంటనూనె ధరలు ఆగక పామాయిలు ఎగుమతి ఆపేస్తే, మా అమ్మ ఫోన్ చేసి ‘మీ వాళ్లు నూనె ఆపేశారటరా, ఇక్కడ గారెలు వండుకోవద్దా’ అని నన్నే తిట్టింది. మే నెలలోనే తెరిచారనుకో.

కితాస్, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, దాని సంగతి ఇమ్మిగ్రేషన్ సైట్లో, పన్ను నంబరు సంగతి పన్నుల శాఖ సైట్లో ఉంటాయి, చూసుకో. ఒంటరితనం ఎలా అని కూడా అడిగావు. నెలాఖర్న చేతిలో డబ్బుంటే అది అంత బాధించదు.

ఆఫర్ లెటర్లో ఇల్లు కంపెనీదా, నీదా? జీతం పన్ను పోనా, పన్నుతో కలిపా? ఈ రెండూ చూసి రాయి. అప్పటిదాకా సంతకం పెట్టకు.